డాటీగారి వారాలబ్బాయి

అమెరికా వెళ్ళొచ్చాక మా తెనాలిలో నన్ను కలిసిన ప్రతి మనిషీ అడిగింది ఒకటే, నయాగరా చూశారా అని. చూడలేదు. చేతిలో దివిటీ పట్టుకుని నిలబడ్డ అమ్మవారినీ చూడలేదు. అంత దూరం పోయి ఆ రెండూ చూడకుండా తిరిగొచ్చిన తెలుగువాడు చరిత్రలో నేనొక్కణ్ణే కావడంతో ఊళ్ళో నాకో హోదా వచ్చింది. పెళ్ళి భోజనాల్లో అవతలి వరుస నుంచి వేలు పెట్టి చూపిస్తున్నారు.

నేను చూసినవి వేరు. ఆకాశం అంచుదాకా మొక్కజొన్న చేలు చూశాను. కాపలా లేని కొట్టు చూశాను. నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడను చూశాను. ఆ కొద్ది రోజుల ప్రయాణాన్ని, వెళ్ళనివాళ్ళ కోసం, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఉన్నదానికంటే కాస్త ఎక్కువ ఎక్కడైనా కనిపిస్తే అది నా కంటి దోషం. నాకు చిన్నప్పట్నుంచీ వస్తువులు కొంచెం పెద్దగానే కనిపిస్తాయి.

నేపర్‌విల్: పోపు చేసిన మేలు

మా చెల్లెలు సుధ, బావగారు రఘు చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటారు. రఘు తెల్లవారగానే రైలెక్కి సిటీకి పోతాడు. సుధ హాస్పిటల్‌కి పోతుంది. ఇంట్లో నేనూ, రకరకాల యంత్రాలూ మిగులుతాం. వెళ్ళిన వారంలోనే ఒకరోజు పప్పుచారుకి పోపు పెట్టాను. ఎండుమిరపకాయ నూనెలో పడిందో లేదో, ఇంటికప్పులో దాక్కున్న గంట ఒకటి పెడబొబ్బలు మొదలుపెట్టింది. మూడు ఫైరింజన్లు వచ్చాయి. ఒకటే వచ్చిందని రఘు అంటాడు గాని అతను ఆఫీసులో ఉన్నాడు, నేను గరిటె పట్టుకుని వాకిట్లో ఉన్నాను. ఎవరి మాట నమ్మాలో మీరే చూసుకోండి.

ఆ సాయంత్రం సుధ కాఫీ ఇస్తూ, "అన్నయ్యా, నువ్వు నాలుగు రోజులు ఎక్కడికైనా తిరిగి రాకూడదూ" అంది. చెల్లెళ్ళు అంత ప్రేమగా మాట్లాడుతున్నారంటే మన సామాను అప్పటికే సర్దేశారని అర్థం.

పక్కింటి డాటీగారికి డెబ్భై ఆరేళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది. చికాగో బేస్‌బాల్ జట్టు ఒకదాని నీలం టోపీ ఆవిడ తల మీద నుంచి దిగగా నేను చూడలేదు. అది పెట్టుకునే నిద్రపోతుందని నా అనుమానం. ప్రతి జూలై చివరా ఆవిడ తన పాత ఊరు డావెన్‌పోర్ట్ వెళ్ళి, స్నేహితులతో కూచుని, తమ జట్టు ఎవర్ని వదులుకోవాలి, ఎవర్ని తెచ్చుకోవాలి అని గొంతులు పోయేలా వాదించి వస్తుంది. మనకు కార్తీకమాసంలో వనభోజనాలెలాగో ఆవిడకు అది అలాగ. ఆ ఏడాది కారు వెనక్కి తీస్తూ ఎదురింటి పోస్టు డబ్బాను నేలకూల్చడంతో కూతురు తాళాలు లాగేసుకుంది. అందుకని కారు నడపడానికి కొత్తగా లైసెన్సు వచ్చిన మా మేనకోడలు శ్రేయ, వాళ్ళిద్దరికీ పెద్దదిక్కుగా నేను, అని పెద్దలు నిర్ణయించారు. డెబ్భై ఆరేళ్ళావిడకి యాభై మూడేళ్ళ నేను పెద్దదిక్కు.

శ్రేయకి పదిహేడేళ్ళు. అక్కడే పుట్టింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని మాటల చివర్లు కొరికేస్తుంది. బయల్దేరే ముందు నన్ను గరాజ్‌లోకి పిలిచి తలుపు వేసింది.

"మామయ్యా, ఒక రూల్. మిస్ డాటీ ముందు మటేయో ట్రేడ్ గురించి మాట్లాడద్దు. ప్రామిస్?"

మటేయో ఎవరని అడిగాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు, తెనాలిలో నిలబడి కృష్ణానది ఎవరని అడిగినవాణ్ణి నేను చూసే చూపు.

అప్పుడు చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను. ఆ దేశంలో ఈ ఆట ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఉంటుంది. ఆదివారం లేదు, అమావాస్య లేదు. బాగా ఆడిన కొన్ని జట్లు మాత్రమే అక్టోబరులోకి వెళతాయి. అసలు కప్పు అక్కడ. జూలై వచ్చేసరికి ఎవరికి ఆశ ఉందో, ఎవరికి లేదో తేలిపోతుంది. ఆశ లేని జట్టు తన పెద్ద ఆటగాళ్ళను ఆశ ఉన్న జట్టుకి ఇచ్చేసి, రేపటికి పనికొచ్చే కుర్రాళ్ళను బదులు తెచ్చుకుంటుంది. ఈ ట్రేడ్‌కి జూలై ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి గడువు. ఆషాఢం వచ్చేస్తోందని మనం సంబంధాలు హడావిడిగా కుదర్చడం లాంటిదే. ఒక్కటే తేడా, మనం పెళ్ళికొడుకును కనీసం మాటవరసకైనా అడుగుతాం. అక్కడ ఆ ఆటగాణ్ణి ఎవరూ అడగరు. ఉదయం ఒక ఊళ్ళో పళ్ళు తోముకున్నవాడు సాయంత్రానికి రెండువేల మైళ్ళ అవతల ఇంకో రంగు టోపీ పెట్టుకుంటాడు.

మటేయో నీలం టోపీల జట్టులో ఎడమ పక్క మైదానం కాస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళు. జట్టుకి ఆ ఏడాది ఆశ లేదు. అతన్ని ఇచ్చేస్తారని ఊరంతా అనుకుంటున్నారు. డాటీగారికి అతనేమిటో మాత్రం శ్రేయ చెప్పలేదు. "షీ విల్ టెల్ యూ" అని కారెక్కింది.

డిక్సన్ దారి: కాపలా లేని కొట్టు

శ్రేయ కారు నడిపే పద్ధతి గురించి వివరంగా రాస్తే మా చెల్లెలు చదువుతుంది కనుక రాయను. వెనక సీట్లో నా కుడికాలి కింద లేని బ్రేకును దారిపొడుగునా తొక్కుతూ కూచున్నానని మాత్రం చెబుతాను.

ముందు సీట్లో డాటీగారు రేడియో పెట్టింది. అందులో ఇద్దరు మనుషులు, ఫోన్ చేసే జనం. జనం ఫోన్ చేసి ఎవరిని వదులుకోవాలో చెబుతారు, వాళ్ళిద్దరూ పురోహితుల్లా కుదురుతుందనో కుదరదనో అంటారు. ఒకాయన మంగలి షాపులో గడ్డం సగంలో ఆపి మాట్లాడుతున్నానన్నాడు. ఒకావిడ ఏడ్చింది. మటేయో పేరు వచ్చినప్పుడల్లా శ్రేయ మీట తిప్పి పాట పెట్టేది. డాటీగారు మళ్ళీ వెనక్కి తిప్పేది. పాతిక మైళ్ళు ఈ యుద్ధం మౌనంగా సాగింది.

తర్వాత మొక్కజొన్న మొదలైంది. అది చేను కాదు, సముద్రం. అందులో అక్కడక్కడా ఇళ్ళు పడవల్లా ఉన్నాయి. డిక్సన్ దగ్గర రోడ్డు పక్కన ఒక బల్ల, బల్ల మీద కండెల కుప్ప, పక్కన ఒక కాఫీ డబ్బా, ఆరు కండెలు రెండు డాలర్లని రాసిన అట్టముక్క. మనిషి లేడు. నేను బల్ల కింద చూశాను. చేలోకి తొంగిచూశాను. చెట్టెక్కి ఎవరైనా కూచున్నారేమోనని పైకి చూశాను. ఎవరూ లేరు. డబ్బాలో నోట్లు గాలికి ఎగరకుండా మీద ఒక రాయి పెట్టి ఉంది. మనకైతే ముందు రాయి పోతుంది.

మేం నీడలో కూచుని కండెలు ఒలిచాం. అక్కడ వాటిని ఉడకబెట్టి వెన్న రాస్తారు. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దడం గురించి నేను చెబితే డాటీగారు నన్ను జాలిగా చూసింది. చూసి, ఒలుస్తున్న కండెను ఒళ్ళో పెట్టుకుని, "మటేయో మా ఇంట్లో మొదట తిన్నది ఇదే" అంది.

పెద్ద జట్టులోకి రాకముందు కుర్రాళ్ళు చిన్న ఊళ్ళ జట్లలో ఆడాలట. వాళ్ళకిచ్చే జీతం అద్దెకు చాలదు. అందుకని ఆ ఊరివాళ్ళే ఒక్కో కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని అన్నం పెడతారు. డావెన్‌పోర్ట్‌లో డాటీగారింటికి వచ్చిన కుర్రాడు మటేయో. పంతొమ్మిదేళ్ళు, ఎక్కడో వెచ్చటి దీవి నుంచి వచ్చాడు, ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. మొదటి రెండు రోజులూ భయపడి గది దాటలేదు. మూడో రోజు ఆవిడ ఉడికించిన మొక్కజొన్న పళ్ళెం గుమ్మంలో పెట్టి, వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ కూచుంది, ఎవరూ చూడటం లేదని వాడికి తెలియాలని. పళ్ళెం ఖాళీ అయింది. తర్వాత వాడే ఆవిడకు అన్నం మాడకుండా వండటం నేర్పాడట. వాడు పెద్ద జట్టులోకి వెళ్ళినప్పుడు భర్త లేని ఇల్లు అమ్మేసి ఆవిడా చికాగో వైపు వచ్చేసింది, కూతురి దగ్గరుండటానికని అందరికీ చెప్పి.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న బాపట్లలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. రోజుకో ఇంట్లో భోజనం, వారానికి ఏడిళ్ళు. ముసలాడయ్యాక కూడా ఒకావిడను మంగళవారం అమ్మగారు అనే అనేవాడు. ఆవిడ తన పిల్లలు చూడకుండా అన్నం కింద మీగడ దాచి పెట్టేదట. ఆవిడ పోయిన కబురు వచ్చిన రోజు నాన్న మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఇది నా ఇంగ్లీషులో చెప్పాను. సగం దారిలో ఇంగ్లీషు అయిపోతే మిగతాది శ్రేయ పూర్తి చేసింది. చివర్లో తనే, "సో మిస్ డాటీ, మీరు మటేయోకి మంగళవారం అమ్మ" అంది.

డాటీగారు కండె తిప్పి తిప్పి చూసి, "ఏడు రోజులూ నేనే" అంది.

మరి ఆట చూడటానికి అతను టికెట్లు పంపిస్తాడా అని అడిగాను. పంపిస్తానంటాడట. ఈవిడే ఒద్దంటుంది. తన డబ్బుతో ఎడమ గోడ వెనక మొదటి వరుసలో, సరిగ్గా వాడి వీపు వెనక సీటు కొనుక్కుంటుంది. ఊరికే వచ్చిన టికెట్ మీద కూచుంటే సరిగ్గా ఆడనప్పుడు తిట్టే హక్కు పోతుందని ఆవిడ వాదన.

డావెన్‌పోర్ట్: కృష్ణకు పోటీ వచ్చిన నది

డావెన్‌పోర్ట్ మిసిసిపీ ఒడ్డున ఉంది. పెద్ద నదే. అయినా నేను ఒప్పుకోలేదు. విజయవాడ బ్యారేజీ దగ్గర కృష్ణ దీనికి నాలుగింతలుంటుందని చెప్పాను. ఎండాకాలంలోనా అని శ్రేయ అడిగింది. పిల్లల్ని మరీ చదివించకూడదు.

మర్నాడే గడువు రోజు. నది పక్కన వాళ్ళు ఏటా కలిసే పాత ఫలహారశాలకి మేం పదింటికే వెళ్ళాం. డాటీగారి స్నేహితుడు ఎర్ల్ అప్పటికే రెండు కుర్చీలు ఆక్రమించి ఉన్నాడు, రెండు కుర్చీల మనిషి కాబట్టి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సులో వెనక సీటు పిల్లలకు వినబడటానికి అలవాటైన గొంతు, ఇప్పుడు నది అవతల ఊళ్ళోకి వినబడుతోంది. నాకోసం తెచ్చిన అట్టు మా అమ్మమ్మ పరిచే చాపంత ఉంది. దాని మీద తేనెలాంటి పాకం పోస్తారు. పొద్దున్నే అట్టు మీద పాకమేమిటని నేను సంచీలోంచి డబ్బా తీశాను. అందులో మా ఆవిడ వేయించి ఇచ్చిన ఊరమిరపకాయలున్నాయి. ఎర్ల్ చూసి, ఏమిటవి అని ఒకటి తీసుకుని, నేను చెయ్యి పట్టుకునేలోపు మొత్తం నోట్లో వేసుకున్నాడు.

మనిషి ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. కళ్ళలోంచి ధారలు. నీళ్ళ గ్లాసులు మూడు అయ్యాక, "ఇంకోటి" అన్నాడు. ఆ రోజు నుంచి మేం బంధువులం.

కళ్ళు తుడుచుకుంటూనే ఎర్ల్ వాదన మొదలుపెట్టాడు. జట్టుకి ఈ ఏడు అక్టోబరు లేదు, వచ్చే ఏడూ లేదు. మటేయోకి మోకాళ్ళు అరిగాయి. ఇప్పుడిచ్చేస్తే బంతి విసిరే కుర్రాళ్ళు ఇద్దరొస్తారు. ఇవ్వకపోతే రెండేళ్ళలో ఊరికే పోతాడు. శ్రేయ బల్ల కింద ఎర్ల్ కాలు తన్నబోయి నా కాలు తన్నింది. ఎర్ల్‌కి ఆపడం తెలియదు. పేర్లు చెబుతున్నాడు, వేళ్ళు మడుస్తున్నాడు, ఉప్పు డబ్బాను మటేయో అని, మిరియాల డబ్బాలు రెండూ కుర్రాళ్ళని చెప్పి బల్ల మీద ఇటు జరిపి అటు జరుపుతున్నాడు. డాటీగారు కాఫీలో చెంచా తిప్పుతోంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. గరాజ్‌లో చేసిన ప్రమాణం మరిచి లేచి నిలబడ్డాను. తెనాలి మునిసిపల్ మైదానంలో నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో బయటికొచ్చాయి. పంతొమ్మిదేళ్ళ పిల్లాడికి గుమ్మంలో పళ్ళెం పెట్టిన తల్లి ముందు ఆ పిల్లాణ్ణి ఉప్పు డబ్బాలా జరుపుతారా అన్నాను. ఇది న్యాయమా అన్నాను. పక్క బల్లవాళ్ళు తినడం ఆపారు. అతన్ని ఇవ్వకూడదు, ఇవ్వనివ్వం అని బల్ల చరిచాను. మిరియాల డబ్బా దొర్లి కింద పడింది.

డాటీగారు దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"మిస్టర్ మూర్తీ, కూర్చోండి" అంది. ఆవిడ మాటలు నాకు గుర్తున్నంతవరకు తెలుగులో చెబుతున్నాను. "ఈ నెలంతా నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నది వాణ్ణి ఇచ్చెయ్యమనే."

శ్రేయ నోరు తెరిచింది. ఎర్ల్ కూడా ఉప్పు డబ్బా వదిలేశాడు.

"ఇన్నేళ్ళు ఆడాడు. ఒక్క అక్టోబరు ఆడలేదు. మా వాళ్ళు వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళరు. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాగా మా వాళ్ళని. వాడి మోకాళ్ళకు ఇంకొక్క ఏడాది ఉందేమో. దూరం పోతే నేను టీవీలో చూసుకుంటాను. వాడు అక్టోబరును టీవీలో చూస్తూ కూచోవడం మాత్రం ఇంక చూడలేను."

వాదించడానికి వందమైళ్ళ పైన వచ్చిన మేం ముగ్గురం, ఎర్లూ గోడమీద గడియారం చూస్తూ కూచున్నాం. రేడియోలో ఎవరెవరి పేర్లో వస్తున్నాయి, ఎవరెవరో ఎటో పోతున్నారు. మటేయో పేరు రాలేదు. మూడయింది. ఎర్ల్ లేచి, పోనీలే డాటీ, అన్నాడు. ఇచ్చెయ్యాలని పొద్దుట్నుంచీ అరిచిన గొంతే అది, ఇప్పుడు వినబడీ వినబడకుండా ఉంది. గడువు దాటాక కూడా కబుర్లు కాస్త ఆలస్యంగా వస్తాయని శ్రేయ అంటూనే ఉంది. అప్పుడు రేడియోలో మనిషి తన మాట తనే మధ్యలో ఆపి చెప్పాడు. మటేయో పడమటి సముద్రం ఒడ్డున పసుపు టోపీల జట్టుకి వెళ్ళాడు. బదులు ఇద్దరు కుర్రాళ్ళు. ఆ జట్టుకి అక్టోబరు ఆశ నిండుగా ఉంది.

డాటీగారు లేచి చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది, పెదాలకు కొత్తగా రంగు వేసుకుని. వచ్చి, బల్ల దగ్గరున్న అందరికీ, పక్క బల్లవాళ్ళకి కూడా, చెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన తీపి ముక్కలు తలా ఒకటి తెప్పించింది. మన ఇళ్ళలో పిల్లాడికి ఉద్యోగం వచ్చినప్పుడు పంచే లడ్డూలు ఇంకోలా ఏం ఉంటాయి. తన ముక్క మాత్రం ముట్టుకోలేదు. ఎర్ల్ తిన్నాడు.

వెనక్కి వస్తుంటే శ్రేయ ఫోన్‌లో ఏదో చూసి కారు రోడ్డు పక్కకు తీసి ఆపింది. ఆ వారాంతంలోనే పసుపు టోపీల జట్టు చికాగో వస్తోంది. ఏడాదికి వాళ్ళు వచ్చేది ఆ ఒక్కసారే.

చికాగో: గోడ వెనక మొదటి వరుస

డాటీగారి పక్క సీట్లు రెండు శ్రేయ ఎలా సంపాదించిందో అడగొద్దంది, నేను అడగలేదు. ఎడమ గోడ వెనక మొదటి వరుస. అక్కడ కుర్చీలు ఉండవు, బల్లలే. ఎండలో పెనంలా కాలుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏళ్ళ తరబడి అవే చోట్ల కూచునేవాళ్ళు. డాటీగారు వచ్చేసరికి ఒక్కొక్కళ్ళే వచ్చి భుజం తట్టి పోయారు. ఇలా పలకరించడం నేను ఎక్కడో చూశానే అనుకున్నాను. ఆడపిల్లను అత్తారింటికి పంపిన మర్నాడు ఆ ఇంటికి వెళితే ఇలాగే ఉంటుంది.

అక్కడో వింత చూశాను. వేరుశనగ కాయలమ్మేవాడు వరుస అవతలి కొసనుంచే పొట్లం విసురుతాడు. మనం నోటు పక్కవాడికివ్వాలి. అది చేతులు మారుతూ అతన్ని చేరుతుంది. చిల్లర అలాగే తిరిగొస్తుంది. నా నోటు పాతిక చేతులు మారింది, చిల్లర పాతిక చేతులు మారి వచ్చింది, ఒక్క నాణెం తగ్గలేదు. అనుమానంతో రెండుసార్లు కొన్నాను.

మటేయో మొదటిసారి బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడు నలభైవేల మంది లేచి నిలబడ్డారు. వెళ్ళిపోయినవాడు మొదటిసారి తిరిగొస్తే అలా నిలబడి చప్పట్లు కొట్టడం ఆనవాయితీ అట. చాలాసేపు కొట్టారు. అతను పసుపు టోపీ తీసి నాలుగు వైపులా తిరిగి, చివరికి మా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నా వెనకున్న గడ్డపాయన ముక్కు చీదుకున్నాడు. డాటీగారు మాత్రం లేవలేదు. మోకాళ్ళు నొప్పులంది.

తర్వాత రెండోసారి వచ్చినప్పుడు కొట్టాడు. మన సిక్సరుకు పెద్దన్న అది. బంతి లేచింది, కొంగలా తేలింది, దిగడానికి నలభైవేల మందిలో నన్నే వెతుక్కుంటూ వచ్చింది. నేను కళ్ళు మూసుకుని వంగాను. అది బల్లకు తగిలి ఎగిరి, నా కాళ్ళ దగ్గరున్న తెనాలి బట్టల కొట్టు సంచీలో, ఊరమిరపకాయల డబ్బా పక్కన పడింది.

నేను దాన్ని పైకెత్తి చూపించాను. మైదానమంతా హోరెత్తింది. ఇంత మంది నన్ను మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, కుడివైపుకొకటి ఎడమవైపుకొకటి నమస్కారాలు పెట్టాను. హోరు పెరిగింది. మరో రెండు పెట్టాను.

"మామయ్యా, కూర్చో," శ్రేయ చొక్కా లాగింది. "వాళ్ళు నిన్ను బూ అని తిడుతున్నారు. ఆ బాల్ వెనక్కి త్రో చెయ్యాలి. అవతలి టీమ్ కొట్టింది మనం ఉంచుకోం. అది రూల్."

"ఎవరు పెట్టారు రూలు?"

"ఎవరూ పెట్టలేదు. అందరికీ తెలుసు."

నాకు తెలియదు కదా. పైగా అది మామూలు బంతా? పసుపు టోపీతో అతను ఈ మైదానంలో కొట్టిన మొదటి బంతి. డాటీగారు గోడ వెనక నుంచి చూసే ఆఖరి ఆటలో కొట్టిన బంతి. ఇందాక ముక్కు చీదుకున్న గడ్డపాయనే ఇప్పుడు విసిరెయ్ విసిరెయ్ అని నా చెవిలో అరుస్తున్నాడు. నేను బంతిని డాటీగారి చేతిలో పెట్టాను. ఇది మీది, ఎవడేమంటాడో నేను చూస్తాను అన్నాను.

ఆవిడ దాన్ని పట్టుకుంది. ఎర్రటి కుట్టు మీద బొటనవేలితో రాసింది. బంతి ఎవరి చేతిలో ఉందో ముందు మా వరుస చూసింది, తర్వాత వెనక వరుస. గడ్డపాయన నోరు మూశాడు. ఒక్కో వరుసే మూగబోతూ పైకి పోయింది. దూరం నుంచి అరుపులు వస్తున్నాయి గాని మా గోడ వెనక ఎవరూ అరవడం లేదు. ఆవిడ దాన్ని చేతిసంచీలో వేసుకుంటే ఒక్కడూ మాట్లాడేవాడు కాదు. అది ఆవిడకీ తెలుసు.

డాటీగారు లేచింది. ఆ మోకాళ్ళతోనే లేచింది. చేతిని వెనక్కి ఊపి, గోడ మీదుగా బంతిని మైదానంలోకి విసిరింది. అది ఎంతో దూరం పోలేదు. గోడ కిందే గడ్డిలో పడి ఆగింది.

ఎందుకు అని శ్రేయ ఏడుపు గొంతుతో అడిగింది.

"పరుగు వాళ్ళది. బంతి నేనెలా ఉంచుకుంటాను?" అంది డాటీగారు.

మటేయో చోటులో నీలం టోపీలు ఆ వారమే తెచ్చిన కుర్రాడొకడు అక్కడ కాస్తున్నాడు. వాడు బంతి తీసుకుని బయటికి విసరబోయి, పైకి చూసి, ఏమనుకున్నాడో, దాన్ని గోడ మొదట్లో మెల్లగా పెట్టేశాడు. అవతలివాళ్ళ వంతు ముగిసింది. వాళ్ళు ఇప్పుడు మైదానం కాయాలి. ఎడమ పక్కకు మటేయో పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఎన్నో ఏళ్ళు నిలబడ్డ చోటుకే, వేరే బట్టల్లో. గోడ దగ్గరికి వచ్చి బంతి తీసుకుని పైకి చూశాడు. వెతుక్కోలేదు. ఆ సీటు ఎక్కడో అతనికి తెలుసు.

డాటీగారు గోడ మీదికి వంగి, "మా మీదే కొడతావా, సిగ్గులేదూ" అని తిట్టింది. టికెట్ తన డబ్బుతో కొనుక్కున్న గొంతు అది. అతను నవ్వాడు. చేత్తో ఒకసారి కళ్ళు తుడుచుకుని, బంతిని వెనక జేబులో కుక్కుకుని, జేబు ఎత్తుగా కనిపిస్తుండగా తన చోటుకు వెళ్ళి మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

నీలం టోపీలు ఓడిపోయారు. అది వార్త కాదట.

తిరుగు రైలు

నేపర్‌విల్ రైల్లో జనం ఆట గురించి వాదించుకుంటున్నారు. మిగిలిన కుర్రాళ్ళతో వచ్చే ఏడు ఎలా ఉంటుందో ఒకతను వేళ్ళు మడుస్తున్నాడు. డాటీగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. శ్రేయ ఆవిడ భుజం మీద తల పెట్టింది.

రెండు స్టేషన్లు పోయాక ఆవిడ నా వైపు తిరిగి, "ఎర్ల్ తిన్నది, అది ఉందా ఇంకా?" అంది.

చాలా కారమండీ అన్నాను. తెలుసు అంది. డబ్బా తీశాను. ఒకటి తీసుకుని, కొంచెం కొరకడం కాదు, మొత్తం నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. కళ్ళలోంచి నీళ్ళు మొదలయ్యాయి. ముక్కు ఎర్రబడింది. టోపీ అంచు కిందనుంచి ధారగా కారుతున్నాయి, ఆవిడ తుడుచుకోవడం లేదు. ఎదురు సీట్లో కూచున్నావిడ కంగారుపడి ఏమైందని అడిగింది.

"మిరపకాయ" అంది డాటీగారు. ఇంకోటి తీసుకుంది.

నేనూ ఒకటి తిన్నాను. గుంటూరు జిల్లావాణ్ణి, మిరపకాయ నాకు కొత్తా. అయినా ఆ రోజుది ఎందుకో చాలా ఘాటుగా ఉంది.

నేను తిరిగొచ్చేటప్పుడు సుధ కోసం తెచ్చిన పచ్చళ్ళ సీసాలన్నీ వాళ్ళింట్లో వదిలాను. ఊరమిరపకాయల సీసా మాత్రం గోడ మీదుగా పక్కింటికి ఇచ్చాను.

తెనాలి

అక్టోబరులో ఒక ఉదయం పాల ప్యాకెట్లు లోపల పెడుతుండగా కంప్యూటర్ మోగింది. శ్రేయ. వాళ్ళకింకా ముందురోజు సాయంత్రమే. డాటీగారి ముందుగదిలో ఉంది. "మామయ్యా, చూడు" అని కెమెరాను టీవీ వైపు తిప్పింది. పసుపు టోపీలు, దీపాలు, ఊపిరి బిగబట్టిన జనం. తర్వాత డాటీగారి వైపు తిప్పింది. తల మీద నీలం టోపీ అలాగే ఉంది. పసుపు టోపీ కొనుక్కోలేదా అని అడిగాను. అలాంటి మాట ఇంకోసారి అనొద్దని వేలు చూపించింది.

అప్పుడు మటేయో బ్యాటు పట్టుకుని వచ్చాడు. డాటీగారు ముందుకు వంగి టీవీకి దగ్గరగా జరిగింది. ఏదో అంది, సన్నగా, తనలో తను.

మా ఆవిడ కామేశ్వరి కాఫీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. దానికి ఇంగ్లీషు రాదు, బేస్‌బాల్ అసలే రాదు. "ఏమిటి," అంది, "పిల్లాడు చిక్కిపోయాడంటోందా ఆవిడ?"

అదే అంటోంది. అక్కడ వాడికి ఎవరూ సరిగ్గా వండి పెట్టడం లేదంటోంది.

తెరలో అంత దూరాన అతను బ్యాటు ఎత్తాడు. డాటీగారు టీవీ మీద నుంచి కళ్ళు తీయకుండానే పక్కకు చెయ్యి చాపి, బల్ల మీదున్న సీసా మూత తిప్పి తీసి, దగ్గరగా పెట్టుకుంది.